ఆవిడ అలా చెయ్యదండీ!

మొన్న తాడేపల్లిగూడెంలో ఏలూరు ప్యాసింజరెక్కాను. ఎదురుసీట్లో ఇద్దరమ్మాయిలు, అక్కడి ఎన్.ఐ.టి.లో చదువుతున్నారట, ఒకటే వాదన. "డాక్టరు అలా చెయ్యదే! ఆవిడ స్వభావం అది కాదు" అంటోంది ఒకమ్మాయి. ఎవరో తెలిసిన డాక్టరమ్మ గొడవేమో అనుకున్నాను. తీరా చూస్తే టీవీ సీరియల్!

బీబీసీలో 1963లో మొదలైన 'డాక్టర్ హూ' అట. కాలంలో ముందుకీ వెనక్కీ తిరిగే వేరే లోకపు మనిషి కథ. చావు దగ్గరకొస్తే కొత్త శరీరం వచ్చేస్తుంది. అలా 2017 చివర్లో మొదటిసారి ఆడమనిషి అయ్యాడు. ఆ వేషం వేసినావిడ జోడీ విటేకర్. ఆడ డాక్టరేమిటని కొందరు గోల చేశారట, అది మనకి కొత్తేం కాదు. వీళ్ళ గొడవ వేరు. 2020లో వచ్చిన ఒక భాగంలో ఆవిడ తన శత్రువుని నాజీలకి చిక్కేలా చేస్తుంది. ఆ వేషం భారతీయ మూలాలున్న సాచా ధావన్‌ది. నాజీలకి అతని అసలు రూపం కనపడనివ్వని మాయని ఆవిడే చెడగొట్టి వెళ్ళిపోతుంది. ఒంటిరంగుని ఆయుధంగా వాడుకునే మనిషా మా డాక్టరు? అని చాలామంది అభిమానులు అడిగారట. భీమడోలు దాటినా వాళ్ళ వాదన తెగలేదు.

నాకు మా వీధి అరుగులు గుర్తొచ్చాయి. 2017 నుంచి 2023 జనవరి దాకా మేం 'కార్తీకదీపం' గురించి పడ్డ తగవులు ఇవే కదా! మా అత్తగారిది ఎప్పుడూ ఒకటే ప్రశ్న. "అంత చదివిన డాక్టరు బాబుకి డీఎన్ఏ పరీక్ష గుర్తురాదుటే?" కైకలూరు దగ్గర చేపల చెరువు గట్టునున్న మా పిన్నిది ఇంకో బాధ. "వంటలక్క పౌరుషం గల మనిషమ్మా. నల్లగా ఉందని అన్ని మాటలు పడి కూడా సొంతంగా బతికింది. ఆ ఇంటి గుమ్మం తొక్కుతుందా?"

అమ్మాయిలు మాట్లాడితే విశ్లేషణ, మా పిన్ని మాట్లాడితే సీరియల్ పిచ్చీనా! రోదసిలో ఎగిరినా కాలం వెనక్కి నడిచినా నమ్మేస్తాం. మనిషి తన స్వభావానికి అడ్డం తిరిగితే మాత్రం మింగుడుపడదు.

తప్పంతా రచయితదే అనలేను లెండి. మన సీరియల్ దాదాపు రోజూ రావాలి. 'కార్తీకదీపం' పదిహేను వందల ఎపిసోడ్లు దాటింది. వారం వారం రేటింగులు. పరీక్ష చేయించుకుంటే అనుమానం తీరిపోతుంది, తీరితే కథ అయిపోతుంది. అందుకని డాక్టరు తెలివి పోవాలి, వంటలక్క పౌరుషం పోవాలి. 2022లో ఇద్దర్నీ చనిపోయినట్టు చూపించి పిల్లల కథలోకి దూకారు. జనం ఊరుకోలేదు. ఆ ఏడాదే మళ్ళీ తీసుకొచ్చారు. 2024లో అవే పేర్లతో, అదే జంటతో వేరే కథ మొదలైంది. పేరూ మొహమూ ఉంటే చాలు, మనిషి అక్కర్లేదని కాబోలు.

ఇంత మాట్లాడుతున్నాను గానీ నేనూ ఆ పని చేసినదాన్నే. ఓ పత్రికవాళ్ళు ముగింపు శుభంగా ఉండాలంటే, పుట్టింట్లో కుట్టుమిషను పెట్టుకుని నిలదొక్కుకున్న నా నాయికని చివరి పేరాలో మొగుడి దగ్గరకి బస్సెక్కించేశాను. కథ అచ్చయిన వారానికి ఆకివీడు నుంచి ఒకావిడ ఫోన్.

"ఆవిడ వెళ్ళదండీ. మీరే పంపించారు."

నీళ్ళు నమిలాను. పేరైనా అడగలేదు. ఇప్పుడు కథలన్నీ కలిపి పుస్తకం వేద్దామని ఆ కాగితాలు తీశాను. చివరి పేరా కొట్టేశాను. బస్సు వెళ్ళిపోయింది, ఆవిడ స్టాండులోనే ఉంది. తరవాత ఏం చేస్తుందో ఇంకా తేలలేదు.