మన పిల్లల పరుగు ఎవరి కోసం?

గూడెంలోనైనా తండాలోనైనా బాగా పరిగెత్తే కుర్రాడు కనిపిస్తే చాలు, "వీడు మిలటరీకి పనికొస్తాడు" అంటారు. ఊళ్ళో అదే మాట, హాస్టల్‌లో అదే మాట. వాడు జాతీయ జట్టులో ఆడగలడని, కోచ్ కాగలడని, రేపు ఇదే బడికి పీఈటీగా రాగలడని చెప్పేవాళ్ళు అరుదు. కొండలెక్కే కాళ్ళకు ఒకే దారి చూపించి దానికి దేశభక్తి అని పేరు పెడుతున్నారు. సైన్యంలో ఉన్న మన అన్నదమ్ములంటే మాకు గౌరవమే. మా పేచీ ఈ ఒంటిదారి మీద.

ఆట వదిలి సైన్యంలో చేరినవాళ్ళలో ప్రపంచమంతా చెప్పుకునే పేరు పాట్ టిల్‌మన్. ఆ కథను సగంలో ఆపకుండా చివరిదాకా చదవాలి. అతను అమెరికాలో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ ఆటగాడు. ఆడింది మన ఫుట్‌బాల్ కాదు, బంతిని చేత పట్టుకుని ఢీకొంటూ పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్. 1998లో అరిజోనా కార్డినల్స్ జట్టు అతన్ని తీసుకుంది. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత, మూడేళ్ళకు 36 లక్షల డాలర్ల ఒప్పందాన్ని కాదనుకుని, 2002లో తమ్ముడు కెవిన్‌తో కలిసి సైన్యంలో చేరాడు. 2004 ఏప్రిల్ 22న అఫ్గానిస్తాన్‌లో చనిపోయాడు. అప్పటికి 27 ఏళ్ళు.

శత్రువుతో పోరాడుతూ ఒరిగిపోయాడని సైన్యం ప్రకటించింది. సిల్వర్ స్టార్ పతకం ఇచ్చింది. టీవీలో సంతాప సభ జరిగింది. వారాలు గడిచాక గానీ ఇంటివాళ్ళకు అసలు సంగతి చెప్పలేదు. అతన్ని చంపినవి సొంత దళం తూటాలే. ఒంటిమీది యూనిఫాం కూడా కాల్చేశారు. తల్లి మేరీ ఏళ్ళ తరబడి నిజం కోసం పోరాడింది.

2007 ఏప్రిల్ 24న అమెరికా కాంగ్రెస్ విచారణలో కెవిన్ సాక్ష్యం చెప్పాడు. అదే రోజు అక్కడే జెస్సికా లించ్ కూడా మాట్లాడింది. 2003 మార్చిలో ఇరాక్‌లో బందీగా చిక్కిన సైనికురాలు ఆమె. తూటాలు అయిపోయేదాకా పోరాడిందని తన మీద అల్లిన కథ అబద్ధమని ఆమే చెప్పింది. ఆ దాడిలోనే ఆమె స్నేహితురాలు లోరి పియెస్టెవా చనిపోయింది. లోరి అరిజోనాకు చెందిన హోపీ ఆదివాసీ, ఇద్దరు పిల్లల తల్లి. అమెరికా సైన్యంలో యుద్ధంలో ప్రాణం కోల్పోయిన తొలి ఆదివాసీ మహిళ. ఆమె పోయాక ఫీనిక్స్ నగరంలోని ఒక కొండకు ఆమె పేరు పెట్టారు. అంతకుముందు ఆ కొండ పేరులో ఉన్నది ఆదివాసీ స్త్రీని కించపరిచే తిట్టు. ఆ తిట్టు పోవడానికి ఒక ఆదివాసీ బిడ్డ చావాల్సి వచ్చింది!

టిల్‌మన్‌కు డబ్బుంది, డిగ్రీ ఉంది, ఎంచుకునే వీలుంది. గొంతెత్తితే దేశం వినే కుటుంబం ఉంది. అంతటివాడి చావునే కట్టుకథ చేస్తే, ఇంటర్ అవ్వగానే ర్యాలీకి పరిగెత్తే మన కుర్రాడి మాటేమిటి?

2022లో అగ్నిపథ్ వచ్చింది. 17న్నర ఏళ్ళకే చేరవచ్చు. కొలువు నాలుగేళ్ళు. ఆ తర్వాత ఉంచుకునేది నూటికి 25 మందిని మించకుండా. మిగతావాళ్ళు సుమారు 11.71 లక్షల రూపాయలు తీసుకుని, పెన్షన్ లేకుండా ఇంటికి రావాలి. పాతికేళ్ళు నిండకముందే "మాజీ" అయినవాడికి ఊళ్ళో ఏ పని చూపిస్తారు? జార్ఖండ్ ఆదివాసీ గోపాల్ భెంగ్రా సైన్యంలో పనిచేశాడు, 1978 హాకీ ప్రపంచకప్‌లో భారత్ తరఫున ఆడాడు. ఆ తర్వాత పొట్టకూటికి రాళ్ళు కొట్టాడు. జెర్సీ, యూనిఫాం రెండూ వేసుకున్న మనిషి గతే అది.

టీచర్లను ఒకటి అడుగుతున్నాం. పరుగున్న పిల్లకు, పిల్లాడికి స్పోర్ట్స్ స్కూల్ ఎంపికల గురించి చెప్పండి. స్పోర్ట్స్ కోటా గురించి, బీపీఈడీ గురించి, పటియాలాలో కోచింగ్ డిప్లొమా గురించి చెప్పండి. నిజామాబాద్ జిల్లా తండా బిడ్డ గుగులోత్ సౌమ్య భారత ఫుట్‌బాల్ జెర్సీ వేసుకుందని చెప్పండి. సైన్యం కూడా ఆ జాబితాలో ఒకటిగా ఉండనివ్వండి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! వెళ్ళాలనిపిస్తే వెళ్ళండి. నోటిఫికేషన్‌లో ప్రతి షరతూ చదివి, నాలుగేళ్ళ తర్వాత ఏం చేస్తారో ఇంట్లో కూర్చుని మాట్లాడుకుని, చదువు తెగిపోకుండా చూసుకుని వెళ్ళండి. వేరే దారి లేక వెళ్ళేదాన్ని ఇష్టం అనరు. ఆ వేరే దారులు వేయమని ప్రభుత్వాన్ని నిలదీయడం మనందరి పని. ప్రతి గిరిజన కాలేజీకి ఒక మైదానం, ఒక కోచ్ కావాలని ఈ ఏడే అడుగుదాం.