విహార వీథి: ఖరగ్‌పూర్‌లో రెండు రాత్రులు

సెలవు ప్రయాణ రాయితీ చేతికి అందగానే మనవారి చూపు ఊటీ వైపో, సిమ్లా వైపో మళ్లుతుంది. రెండే రోజుల సెలవు దొరికినవారి మాట ఏమిటని కొందరు మిత్రులు అడుగుతున్నారు. వారికోసం ఈ నెల కొండలు, సముద్రము లేని ఊరు ఒకటి చెప్పదలచినాను. అది పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్. అక్కడ చూడవలసినది తక్కువ, తినవలసినది ఎక్కువ. పగటి కంటె రాత్రి అందమైనది. కారు అవసరం ఎంతమాత్రమూ లేదు. పాల ప్యాకెట్టు తేవడానికి సైతం బండి తాళాలు వెతుక్కొనే నాబోటి టౌన్‌షిప్ వాసికి ఇది చిన్న విశేషము కాదు.

విశాఖపట్నం నుండి సుమారు 760 కిలోమీటర్లు. రాత్రి బండి ఎక్కి, హౌరా ఇంకా 115 కిలోమీటర్లు ఉన్నదనగా దిగిపోవాలి. స్టేషను దాటి నాలుగడుగులు వేయకముందే తెలుగు మాట చెవిన పడితే ఆశ్చర్యపడవద్దు. దానికి కారణం రైలుపట్టాలే. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ పెద్ద వర్క్‌షాపును నెలకొల్పినది. తూర్పు తీరపు మార్గంలో ఉత్తర భాగము 1902 ప్రాంతంలో ఆ కంపెనీ పరమై, వాల్తేరు దాని దక్షిణపు కొస అయినది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల బీదకుటుంబాల వారు ఆ దారి వెంటనే ఉపాధి వెతుక్కుంటూ వెళ్లినారు. తరువాతి కాలంలో రాష్ట్రపతి పదవిని అలంకరించిన శ్రీ వి.వి. గిరి 1928లో ఈ రైల్వే కార్మికుల సమ్మెకు నాయకత్వం వహించినారు.

మా మేనమామగారి తండ్రి అట్లు వెళ్లినవారిలో ఒకరు. మావయ్య కూడా ఆ వర్క్‌షాపులోనే పనిచేసి విశ్రాంతి తీసుకున్నారు. ఇప్పుడు కుమారుని ఉద్యోగం మీద వచ్చిన మథురాకాటి రైల్వే క్వార్టరులో ఉంటున్నారు.

మొదటి సాయంత్రం గోల్ బజారుకు కేటాయించండి. రిక్షా కాని, బ్యాటరీతో నడిచే టోటో కాని పిలిస్తే చాలు. ఓపిక ఉన్నవారు నడిచే పోవచ్చు. దీపాలు వెలిగే వేళకు ఆ వీధులలో సగం భారతదేశం కనబడుతుంది. ఆవనూనె, పచ్చిమిర్చి, ఉల్లి కలిపిన మరమరాలను అక్కడ ఝాల్ ముడి అంటారు. చింతపండు నీటిలో ముంచి ఇచ్చే ఫుచ్కాలను లెక్కపెట్టక తినరాదని నా అనుభవం. ఆ పక్క బండి మీద దోసె కాలుతూ ఉంటుంది. చలికాలమైతే కొత్త ఖర్జూరపు బెల్లంతో చేసిన సందేశ్ తప్పక రుచి చూడాలి. అయినను కడుపులో కొంత చోటు ఉంచుకొని ఇంటికి చేరినాను. అత్తయ్య ఆవపెట్టిన పనసపొట్టు కూర వండి ఉంచినది. వంటలో ఆమె వాడినది బెంగాలీ ఆవనూనె; చేతిలోని తీరు మాత్రం టెక్కలిది.

మరునాటి పగలు ఐ.ఐ.టి. వైపు వెళ్లండి. స్టేషను నుండి అయిదు కిలోమీటర్లు ఉంటుంది. ఆ సంస్థ 1951లో ప్రారంభమైనది హిజ్లీ నిర్బంధ శిబిరపు భవనంలో. 1931 సెప్టెంబరు 16న ఆ శిబిరంలో నిరాయుధులైన బందీలపై పోలీసులు కాల్పులు జరుపగా సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా అసువులు బాసినారు. ఆ గోడల నీడలో కాసేపు మౌనంగా నిలబడటం మన విధి. దీపావళికి వెళ్లగలిగినవారు అక్కడి విద్యార్థులు వెదురు చట్రాలపై వేల ప్రమిదలతో తీర్చే దీపచిత్రాలను చూడవచ్చు.

రెండవ రాత్రి భోజనానంతరం ప్లాట్‌ఫారం టిక్కెట్టు కొనుక్కొని స్టేషనులో షికారు చేయండి. 1072.5 మీటర్ల ఆ ప్లాట్‌ఫారం చాలకాలం ప్రపంచంలోకెల్ల పొడవైనది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దానిని మించినవి. ఒక కొస నుండి మరొక కొసకు పోయి వచ్చేసరికి తిన్నది అరిగిపోతుంది. అర్ధరాత్రి కూడ టీ వేడిగా దొరుకుతుంది. డ్యూటీ దిగినవారు, ఎక్కవలసినవారు ఒకే బల్ల మీద కూర్చుని త్రాగుతారు. షిఫ్టులు ఎరిగిన మనకు ఆ ముఖాలు పరిచయమైనవే.

ఇక ఈ వ్యాసం వ్రాయించిన సంగతి చెప్పి ముగిస్తాను.

మన పత్రికను సంవత్సరాలుగా మావయ్యకు పంపుతున్నాను. ఆయన గదిలో ఆ సంచికలన్నీ దారంతో చక్కగా కట్టి ఉన్నవి. పైవి నాలుగైదు కవరు కూడ చింపలేదు. అడుగగా తటపటాయించి, “ఏమనుకోకురా అల్లుడూ, కళ్లు ఆనడం లేదు. మీ అత్తకు చదువు రాదు” అన్నారు. ఎనిమిదవ తరగతి చదువుతున్న మనుమడు పక్కనే ఉన్నాడు. ఇంట్లో తెలుగే మాట్లాడుతాడు. బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు చదువుతాడు. తెలుగు అక్షరం మాత్రం రాదు. ఆ ఊరిలో ఆంధ్రా హైస్కూలు ఉన్నది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినది. కాని ప్రభుత్వం ఇచ్చిన హోదా ఇంటి గడప దాటి లోపలికి రావాలంటే ఎవరో ఒకరు అక్షరాలు దిద్దించాలి.

ఆ రాత్రి ఒక సంచిక విప్పి బిగ్గరగా చదివినాను. మావయ్య కళ్లు మూసుకొని విన్నారు. చదవడం అయిన పిదప కుర్రవాడు కాగితం తెచ్చి, “నా పేరు ఎలా రాస్తారు పెదనాన్నా?” అని అడిగినాడు. వ్రాసి చూపితే మూడుసార్లు దిద్దినాడు. మూడవసారి తలకట్టు సరిగ్గా కుదిరినది.

తిరిగి రాగానే పెద్ద బాలశిక్ష ఒకటి తపాలాలో పంపినాను. ఇటుపై పత్రికను మావయ్య పేర కాక ఆ కుర్రవాని పేర పంపుతాను. ఖరగ్‌పూర్ వెళ్లే మిత్రులారా, సంచీలో పూతరేకులతో పాటు ఒక వాచకము కూడ పెట్టుకొని వెళ్లండి. పూతరేకులు ఆ రాత్రికే అయిపోతాయి.