లైకుల లెక్క, పరిశోధన విలువ

తెలుగు పరిశోధన పత్రికలు ఫేస్‌బుక్‌లోనూ వాట్సాప్‌లోనూ కనిపించడం ఆక్షేపణీయం కాదు. అక్కడి లైకులను, షేర్లను కూడి పరిశోధన ప్రభావంగా చూపాలన్న వాదనే ఆక్షేపణీయం. 2025 ఫిబ్రవరిలో యూజీసీ తన కేర్ జాబితాను ఉపసంహరించుకోవడంతో పత్రికల నాణ్యతను తేల్చే భారం విద్యాసంస్థలపై పడింది. ఆ ఖాళీలోకి ఏదో ఒక అంకె వచ్చి కూర్చుంటుందన్న భయం నిరాధారం కాదు.

ఆల్ట్‌మెట్రిక్స్ దురుద్దేశంతో పుట్టినది కాదు. 2010 అక్టోబరులో జేసన్ ప్రీమ్, ఆయన సహచరులు వెలువరించిన ప్రణాళిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్ పెత్తనాన్ని ప్రశ్నించింది. ఆ ప్రశ్న న్యాయమైనది. అయితే ఆ లెక్క కట్టే యంత్రం ప్రధానంగా డీఓఐ వంటి శాశ్వత గుర్తింపు సంఖ్యను పట్టుకొని నడుస్తుంది. సంఖ్య లేని వ్యాసం దానికి కనబడదు, వాట్సాప్ సమూహంలో సాగే చర్చ వినబడదు. 1924లో మొదలై 1991లో ఆగిన ‘భారతి’ పుటలు తిరగేయకుండా శాసనాలపైన, ఛందస్సుపైన నేటికీ సిద్ధాంతగ్రంథం రాయడం కష్టం. ఈ కొత్త తక్కెడలో మాత్రం దాని బరువు దాదాపు సున్న.

జగ్గయ్యపేట ధనంబోడునే తీసుకుందాం. అక్కడి బౌద్ధస్తూపాన్ని జేమ్స్ బర్జెస్ 1882లో తవ్వించి, 1887లో అమరావతితో కలిపి గ్రంథంగా ప్రకటించాడు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని శాసనాలు అక్కడివే. వాటి పాఠంపై తెలుగులో ఒక గట్టి వ్యాసం వచ్చిందనుకుందాం. జగ్గయ్యపేట, నందిగామ వాసుల వాట్సాప్ సమూహాల్లో అది చేతులు మారుతుంది. రచయిత పేరు రెండో మజిలీలోనే రాలిపోతుంది. చివరికి మాంధాత శిల్పం ఫోటో ఒక్కటే మిగులుతుంది. అదే శిల్పానికి ఆధారం లేని కట్టుకథను అంటగట్టిన పోస్టుకు అంతకు పదింతల లైకులు రావచ్చు. రెంటినీ ఒకే తక్కెడలో తూచుదామా?

సామాజిక మాధ్యమమంటేనే ముక్కు విరిచే పెద్దలతోనూ నాకు పేచీ ఉంది. ఈ మెట్టసీమలోనే, మున్నేటి ఒడ్డున ఉన్న పెనుగంచిప్రోలులో 1877లో జన్మించిన కొమర్రాజు వేంకట లక్ష్మణరావు శాసనాలను పరిశీలించిన చరిత్రకారుడు. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి నెలకొల్పి చరిత్రను, శాస్త్రాన్ని సామాన్య పాఠకుని వద్దకు చేర్చినదీ ఆయనే. ప్రామాణికతకూ ప్రచారానికీ ఆయన వైరం కల్పించలేదు. (ఆయన పేరిట సభలు జరిపే మనమే కల్పిస్తున్నాం.)

అసలు లోపం వేరొకచోట ఉంది. మన పత్రికలు కొన్ని ఇప్పటికీ అను లిపిలో కూర్చిన పీడీఎఫ్‌లనే వెబ్‌లో పెడుతున్నాయి. తెరపై తెలుగు కనిపిస్తుంది. వెతికితే ఒక్క పదమూ దొరకదు. విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి దూరంగా, నందిగామలో పాఠాలు చెబుతూ పరిశోధన చేసుకునే అధ్యాపకురాలికి కావలసింది సంచిక వెలువడిందన్న రంగుల పోస్టరు కాదు. యూనికోడ్ పాఠం కావాలి, మారని లంకె కావాలి, పాత సంచికలు ఉచితంగా అందాలి. వాటి తరువాతే ఫేస్‌బుక్ పుట. అప్పుడది వ్యాసానికి దారి చూపే పలక అవుతుంది; అంతకుమించి దానికి పని లేదు.

పత్రికను కొలిచే అంకెను వ్యాసం విలువకు బదులుగా వాడరాదని 2012 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో రూపుదిద్దుకున్న డోరా ప్రకటన ఏనాడో చెప్పింది. లైకుల అంకెకు ఆ మినహాయింపు ఎందుకివ్వాలి? నియామక సంఘం ముందు అభ్యర్థి తన మూడు వ్యాసాలు ఉంచాలి. సభ్యులు వాటిని చదివి వచ్చి ప్రశ్నించాలి. చదివే తీరిక లేదనే సభ్యుడు ఆ సంఘంలో కూర్చోనక్కరలేదు.