బుడమేరుకు గునాహ్‌లు తెలుసా?

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. సింగ్ నగర్‌లో మా ఆపా ఇంట్లోకి పొద్దున చీలమండల దాకా వచ్చిన నీళ్లు మధ్యాహ్నానికి కిటికీ దాకా లేచాయి. ఆపా, దులాభాయ్, పిల్లలిద్దరూ పక్కవాళ్ల డాబా ఎక్కారు. దులాభాయ్ టైలర్. కింద గదిలో మూడు కుట్టు మిషన్లు, జనం కుట్టమని ఇచ్చిన గుడ్డలు, అన్నీ బురదలో కలిశాయి. మూడో రోజు పడవలో బయటికొచ్చారు. తడవకుండా తెచ్చుకున్నది ఆధార్ కార్డులు, ఖురాన్ షరీఫ్, కత్తెర.

నీళ్లు తీశాక ఇద్దరం కలిసి జుమాకి వెళ్లాం. ఆ రోజు బయాన్ హజ్రత్ నూహ్ అలైహిస్సలాం మీద. ఖతీబ్ సాబ్ కిస్సా బాగా చెబుతారు, గొంతు కూడా మంచిది. అయితే చివరికొచ్చేసరికి, ఈ సైలాబ్ మన గునాహ్‌లకి వచ్చిన అజాబ్ అన్నారు. అప్పుడు లోకమంతా మునిగింది, ఇప్పుడు మన వంతు వచ్చింది, తౌబా చేసుకోండి అన్నారు. సఫ్‌లో కూర్చున్నవాళ్లంతా తలలు వంచుకున్నారు. వాళ్లలో సగం మంది ఇళ్లలో ఇంకా బురద ఎత్తలేదు.

తిరిగొచ్చేటప్పుడు బండి మీద వెనక కూర్చున్న దులాభాయ్ ఒక్క మాట అడిగారు. "మనం అంత గునాహ్ ఏం చేశాం భాయ్?"

నాకు జవాబు దొరకలేదు. ఈ నాలుగు ముక్కలు రాయడం అందుకే.

ముందు బుడమేరు సంగతి చూద్దాం. అది మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేట్లో కలిసే వాగు. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, వరదను డైవర్షన్ కాలువ ద్వారా ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలోకి మళ్లించే ఏర్పాటు చేశారు. సెప్టెంబర్ మొదటి రెండు రోజుల్లో బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి, 2009 నాటి వరదను కూడా మించిపోయింది. నిండిన నది కాలువ నీళ్లు తీసుకోదు, వెనక్కి తంతుంది. బుడమేరు కట్టకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. పూడ్చడానికి ఆర్మీ దిగాల్సొచ్చింది. వాగు దారిలో ఏళ్ల తరబడి ఇళ్లు, లేఅవుట్లు లేచాయి. పాయకాపురం, సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట పల్లం. నీరు పల్లమెరుగు. ఆ పల్లంలో ఎవరుంటారో మీకు నేను చెప్పాలా? కూలివాళ్లు, ఆటోవాళ్లు, టైలర్లు, పాచిపని చేసే ఆడవాళ్లు. సూద్ తినేవాడి మేడ గట్టు మీద ఉంది, తడవలేదు. ఇది అజాబే అయితే చిరునామా తప్పింది అనాలి. అల్లాహ్ చిరునామా తప్పడు కాబట్టి ఇది అజాబ్ కాదని నా అకల్ చెబుతోంది.

మా అబ్బా 1977 నవంబర్ 19 ఉప్పెన తర్వాత దివిసీమకి బియ్యం మోసుకెళ్లినవాళ్లలో ఒకరు. అవనిగడ్డ దాటాక చూసింది చాలా ఏళ్లు చెప్పలేదు. చెప్పినప్పుడు కూడా ఒకటే అన్నారు, శవాల్లో ఎవరు ఏ మజ్హబో ఆనవాలు పట్టే వీల్లేదని. పది వేలమందికి పైగా పోయారు. పాలు తాగే పిల్లలు ఏ గునాహ్ చేశారని ఎవరైనా అడిగితే అబ్బా లేచి వెళ్లిపోయేవారు.

ఇక నూహ్ అలైహిస్సలాం కిస్సా. బయాన్ గురించి ఇంట్లో చెబుతుంటే పదో తరగతి చదివే మా చిన్నమ్మాయి అడిగింది, "అబ్బా, లోకంలో జంతువులన్నీ ఒక్క పడవలో ఎట్లా పట్టాయి? కంగారూ ఆస్ట్రేలియా నుంచి నడిచొచ్చిందా?" మా ఆవిడ వెంటనే "తౌబా తౌబా, నోర్ముయ్" అంది. పిల్ల నోరు మూసింది. సవాల్ మూసుకోలేదు, దాని మొహంలోనే ఉంది.

నేను ఆ రాత్రి తర్జుమా తీసి మళ్లీ చదివాను. నూహ్‌ని పంపింది ఆయన ఖౌమ్ దగ్గరికి అని ఖురాన్ చెబుతోంది. అరబీలో అర్జ్ అంటే భూగోళమూ అవుతుంది, నేల, దేశం అన్న అర్థమూ ఉంది. ప్రతిదాన్నుంచి ఒక జత అంటే భూమ్మీది ప్రతి పురుగూ అనే ఎందుకనుకోవాలి? మన తెలుగులో లోకమంతా కోడై కూస్తోంది అంటాం. ఎవరైనా అమెరికాకి ఫోన్ చేసి అక్కడా కూస్తోందా అని అడుగుతారా? ఆకాశానికి చిల్లు పడ్డట్టు వాన అంటాం. ఆ చిల్లు ఎక్కడని పైకి చూసినవాడు లేడు. మనుషుల జబాన్‌లో కితాబ్ దిగినప్పుడు జబాన్ నడిచే తీరులోనే నడుస్తుంది కదా.

"అల్లాహ్ ఖుద్రత్‌కి హద్దుందా?" అని నన్ను అడుగుతారు. లేదు. అది నా ఈమాన్. కానీ సవాల్ అల్లాహ్ ఏం చేయగలడని కాదు, ఆయత్ ఏం చెబుతోందని. పైగా ఖుద్రత్ అన్న మాటనే చూడండి. ఉర్దూలో అది అల్లాహ్ శక్తికీ పేరు, చెట్టు, చేను, ఏరు, అంటే ప్రకృతికీ పేరు. రెండింటికీ ఒకే మాట పెట్టుకున్న మనం, ఒకదాన్ని నమ్మడానికి రెండోదాన్ని అబద్ధం చెయ్యాలా?

ఇట్లా అడగడం కొత్త ఫితనా అనుకునేవాళ్లకి ఒక వాఖియా గుర్తు చేస్తాను. మదీనాలో హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం కొడుకు, పసివాడు ఇబ్రాహీం పోయిన రోజే సూర్యగ్రహణం పట్టింది. జనం, బిడ్డ చావుకి సూరజ్ కూడా కుమిలిపోయిందన్నారు. బిడ్డను పోగొట్టుకున్న తండ్రి, ఆ మాట విని ఊరుకుంటే ఆయన గొప్పతనం ఇంకా పెరిగేది. కానీ ఊరుకోలేదు. సూర్యుడు, చంద్రుడు అల్లాహ్ నిషానీలు, ఎవరి పుట్టుకకో ఎవరి చావుకో గ్రహణం పట్టదు అని చెప్పి నమాజుకి నిలబడ్డారు. ఈ హదీస్ బుఖారీలో ఉంది, ముస్లింలో ఉంది. దుఃఖంలో కూడా ఆకాశాన్ని తన కథలోకి లాక్కోని నబీకి ఉమ్మతీలం మనం. వాగు పొంగితే మాత్రం దాన్ని దులాభాయ్ గునాహ్‌ల లెక్కలోకి లాగుతున్నాం.

సూరా కహ్ఫ్‌లో జుల్‌ఖర్‌నైన్ పడమటికి వెళ్లి, సూర్యుడు బురద నీటి ఊటలో అస్తమించడం చూశాడని ఉంది. 1210లో వఫాత్ అయిన ఇమామ్ ఫఖ్రుద్దీన్ రాజీ తన తఫ్సీర్‌లో దీని దగ్గర ఆగారు. సూర్యుడు భూమి కన్నా ఎన్నో రెట్లు పెద్దది, అది భూమ్మీది ఊటలో ఎట్లా పడుతుంది, చూసేవాడి కంటికి అట్లా కనబడిందని అర్థం అని రాశారు. ఎనిమిది వందల ఏళ్ల కిందటి మాట ఇది. సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి పైకి చూడండి, సూర్యుడు కృష్ణలోనే దిగుతాడు. వలేసుకునే పల్లెకారుకి కూడా తెలుసు దిగలేదని. అయినా "పొద్దు ఏట్లో పడింది" అంటాడు. అతను అబద్ధమాడుతున్నాడని ఎవరూ అనరు.

సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ ఇంకా ముందుకు వెళ్లారు. ఖుద్రత్ అల్లాహ్ పని, ఖురాన్ అల్లాహ్ మాట, పనికీ మాటకీ తేడా రాదన్నది ఆయన ఉసూల్. ఆయన్ని, ఆయన వెనకున్నవాళ్లని "నేచరీ"లని వెక్కిరించారు. జమాలుద్దీన్ అఫ్ఘానీ 1880ల మొదట్లో మన హైదరాబాద్‌లో కూర్చునే నేచరీల మీద ఫార్సీలో ఒక కితాబ్ రాశారు. నేను సర్ సయ్యద్‌తో పూర్తిగా లేను. మూసా అలైహిస్సలాం దరియా దాటింది పోటు తీసిన వేళ అని ఆయన చెప్పారు. బానిస ఖౌమ్ ఫిరౌన్ చెరలోంచి బయటపడిన కిస్సా అది. దాన్ని అలల టైం టేబుల్‌గా మారిస్తే మిగిలేదేముంది? ఇప్పుడు వాట్సాప్‌లో నూహ్ పడవ దొరికిందని ఫొటోలు పంపేవాళ్లదీ అదే జబ్బు. ఒకరు సైన్సుకి సరిపోయేలా కిస్సాని కోస్తారు, ఒకరు కిస్సాకి సరిపోయేలా సైన్సుని కుడతారు. మా దులాభాయ్ అయితే ఇద్దరికీ కత్తెర ఇవ్వరు.

ఇంకో సంగతి చెబితే మనవాళ్లకి కోపం రావచ్చు. బెజవాడలో కొండకి బెజ్జం పడి కృష్ణమ్మకి దారి దొరికిందని హిందూ భాయీలు చెబితే, టీ బంకు దగ్గర మనం నవ్వుకుంటాం. దుర్గమ్మ ముక్కుపుడకని నీళ్లు తాకుతాయంటే "అఖల్ ఉందా" అంటాం. పక్కింటి కిస్సాకి అకల్, మనింటి కిస్సాకి ఆమీన్. ఇదెక్కడి ఇన్సాఫ్? కృష్ణా జిల్లాలో, అంగలూరులో పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి తనవాళ్ల పురాణాలనే నిలదీశారు. గోరా 1940లో ముదునూరులో పెట్టిన నాస్తిక కేంద్రం 1947 నుంచి పటమటలోనే ఉంది. వాళ్లు తేలిన చోటికి నేను తేలలేదు, నాకు అల్లాహ్ ఉన్నాడు. కానీ సొంత ఇంటిని అడిగే హిమ్మత్ మాత్రం వాళ్ల దగ్గర నేర్చుకోవచ్చు. మనకైతే రాజీ లాంటి బుజుర్గులు ఇంట్లోనే ఉన్నారు, అల్మారా తెరవడమే ఆలస్యం.

కిస్సాని ముక్కకి ముక్క నిజమనుకుంటే నష్టమేంటి, పాపం వాళ్ల నమ్మకం వాళ్లది అని ఒక దోస్త్ అన్నాడు. నష్టం పడవ కొలతల్లో లేదు. నష్టం దులాభాయ్ వంచుకున్న తలలో ఉంది. అజాబ్ అనగానే కట్ట ఎందుకు తెగిందని అడగడం మానేస్తాం. వాగుని ఎవరు ఆక్రమించారని అడగం. ఇల్లు మునిగినవాడిని ఓదార్చాల్సింది పోయి, వాడు ఏం చేసి ఉంటాడా అని చూస్తాం. నూహ్ కిస్సాలో మునిగింది బలహీనుల్ని ఈసడించిన సర్దార్లు. పడవలో ఉన్నది వాళ్లు నీచులని నవ్విన పేదలు. మనం దాన్ని తిరగేసి పేదవాడి నెత్తిన పెట్టాం.

తర్వాతి వారం అసర్ నమాజ్ అయ్యాక ఖతీబ్ సాబ్‌ని ఒంటరిగా కలిశాను. బహస్‌కి కాదు. "హజ్రత్, మా దులాభాయ్ ఇట్లా అడిగారు" అని మాత్రం చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తన గది చూపించారు. గోడ మీద నడుమెత్తున నీటి గీత. కింది అరల్లోని కితాబులు ఉబ్బి, అతుక్కుని, ఎండలో పరిచి ఉన్నాయి. మరి ఇది కూడా అజాబేనా అని నా నాలుక చివరి దాకా వచ్చింది. అడగలేదు.

"మిషన్లు బాగయ్యాయా?" అని ఆయనే అడిగారు.

రెండు నడుస్తున్నాయి, మూడోదాని మోటార్ వైండింగ్‌కి ఇచ్చామని చెప్పాను. అల్మారాలోంచి ఒక కవరు తీసి, తడిసిన తన షేర్వానీ అందులో పెట్టి, దులాభాయ్‌కి ఇమ్మన్నారు. లైనింగ్ మార్చాలట.