వంటసోడా, సంగిడి రాయి, మన గుంటల కడుపులు

రాయగడ, గుణుపూర్, జయపురం, కొరాపుట్, సునాబెడ, ఎక్కడున్నవాళ్ళయినా ఈ పోస్టు చివరిదాకా చదవండి. పెద్దదే. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి, చదవకుండా మాత్రం వద్దు.

మొన్న సంక్రాంతికి మనం పెట్టిన సంగిడి పోటీ గుర్తుంది కదా. పోటీకి గంటన్నర ముందు మన కుర్రాడొకడు తెల్లటి పొడి నీళ్ళలో కలుపుకుని గడగడా తాగాడు. వాడి పేరు పిలిచేసరికి వాడు రాయి దగ్గర లేడు. షామియానా వెనకాల వాంతులు చేసుకుంటున్నాడు. ఆ తర్వాత విరోచనాలు. సెలైన్ పెట్టించి చీకటి పడ్డాక ఇంటికి తీసుకెళ్ళాం. వాడికి పదహారేళ్ళు. వాళ్ళమ్మ మమ్మల్ని ఒక్క మాటే అడిగింది: "మీ సంఘం పోటీ అనే కదా బాబూ, ధైర్యంగా పంపించాను?" మా దగ్గర జవాబు లేకపోయింది. అందుకే ఇప్పుడు రాస్తున్నాం.

ఆ పొడి ఒక జిమ్‌లో ఇచ్చారు. ఏ జిమ్మో ఇక్కడ రాయం, కామెంట్లలో మీరూ రాయకండి. చిన్న ప్లాస్టిక్ కవరు. దాని మీద పేరు లేదు, తేదీ లేదు, ఎంత వేసుకోవాలో లేదు. "పవర్ పొడి" అని నోటిమాట. ధర రెండొందల యాభై రూపాయలు. మేం నలుగురం కూర్చుని మిగిలిన పొడి నాలిక మీద వేసుకున్నాం. ఉప్పగా, సబ్బులా ఉంది. నిమ్మకాయ పిండితే బుసబుసా పొంగింది. మా ఇంట్లోవాళ్ళు చూసి, "ఇది పకోడీల్లో వేసేదే కదండీ, దీనికి నలుగురు కూర్చోవాలా?" అన్నారు. వెళ్ళి అడిగితే ఇచ్చినతను దాచలేదు. "అవునండీ, వంటసోడాయే. ఫారిన్‌లో అందరూ వాడుతున్నారు" అన్నాడు.

ఆ రోజు నుంచి మన గ్రూపులో రెండు జట్లు. "పొడులన్నీ విషమే, జిమ్‌లే మూయించాలి" అని పెద్దలు. "ఒలింపిక్స్ వాళ్ళు వాడేదాన్ని విషం అంటారేంటి, మీకేం తెలుసు" అని కుర్రాళ్ళు. ఇద్దరిదీ తప్పే అని మా వాదన. ముందు పెద్దలతో మాట్లాడి, తర్వాత కుర్రాళ్ళ దగ్గరికి వస్తాం.

పెద్దలకి మనవి. వంటసోడా ఆటగాళ్ళకి పనికొస్తుందన్నది కట్టుకథ కాదు. 1931లోనే అమెరికాలో పరిశోధకులు శరీరంలో ఆమ్లం పెరిగినప్పుడు, క్షారం పెరిగినప్పుడు మనిషి పని చేసే శక్తి ఎలా మారుతుందో పరీక్షించి రాశారు. మీరు మెట్లు గబగబా ఎక్కితే తొడలు మండుతాయి కదా, అలా కష్టమైన పని నిమిషం రెండు నిమిషాలు ఆపకుండా చేస్తే కండరంలో ఆమ్లత పెరుగుతుంది, కండరం మొరాయిస్తుంది. మన రక్తంలో ఆ ఆమ్లతని కడిగే బైకార్బొనేట్ పుట్టుకతోనే ఉంది. సోడా తాగితే అది మరికాస్త పెరుగుతుంది, కండరంలోని ఆమ్లత రక్తంలోకి త్వరగా బయటపడుతుంది, మొరాయించడం కాస్త ఆలస్యమవుతుంది. సంగతి అంతే. 2018లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు ఆటలో నేరుగా ఉపయోగపడతాయని ఆధారం ఉన్నవి చాలా కొన్నే అని చెప్పి, కెఫీన్, క్రియాటిన్, నైట్రేట్, బీటా అలనిన్‌తో పాటు దీని పేరూ రాశారు. డోపింగ్ నిషేధ జాబితాలో ఇది లేదు. కాబట్టి "కుర్రాడు మత్తుమందు తాగాడు" అని గ్రూపులో రాసినవాళ్ళు ఆ మాట తీసెయ్యాలి. వాడి పరువు కూడా పరువే.

ఇక కుర్రాళ్ళూ, మీతో.

పనికొస్తుంది సరే, ఏ పనికి? సుమారు అర నిమిషం నుంచి పన్నెండు నిమిషాల దాకా సాగే గట్టి పనికి. నాలుగొందల మీటర్ల నుంచి పదిహేనొందల మీటర్ల పరుగు, ఈత, పడవ పందెం, కుస్తీ, బాక్సింగ్ లాంటివి. బరువుల దగ్గరికొస్తే, ఒకే బరువుని అలిసిపోయేదాకా ఎన్నిసార్లు ఎత్తగలం అన్నచోట కొంత లాభం కనిపించింది. ఒక్కసారికి ఎంత ఎక్కువ బరువు ఎత్తగలం అన్నచోట లాభం కనిపించలేదు. పరిశోధనలన్నీ కలిపి చూసినవాళ్ళు తేల్చిన మాట ఇది. కారణం తేలికే. 2000లో సిడ్నీలో మన ఆమదాలవలస వైపు ఆడపడుచు కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. అందులో ఒక్కో లిఫ్టు కొన్ని సెకన్ల పని. ఆ కొన్ని సెకన్లకి కావలసిన శక్తి కండరంలో ముందే సిద్ధంగా ఉంటుంది. ఆమ్లత పోగుపడే లోపలే బరువు కిందకి వచ్చేస్తుంది. కడగడానికి మురికే లేనప్పుడు సబ్బు దేనికి?

అయినా జిమ్‌లో చెప్పే మాటేంటి? "ఇది తాగు, బెంచ్ మీద పది కిలోలు పెరుగుతుంది." ఇది అబద్ధం. సోడా కండ పెంచదు, బలం పెంచదు. ఆ రోజుకి, ఆ గంటకి, ఒకటి రెండు సార్లు ఎక్కువ ఎత్తనివ్వొచ్చు. అది కూడా అందరికీ కాదు.

ఇక్కడ మా వాదనకి అడ్డం వచ్చే సంగతి కూడా మేమే చెప్పేస్తాం. మన సంగిడి పోటీలో లెక్క ఎన్నిసార్లు ఎత్తారన్నదే. అంటే సోడాకి కొంత లాభం ఉండొచ్చనుకునే పోటీయే అది. మన కుర్రాడు తెలివితక్కువవాడు కాదు. వాడికి ఎవరో సగం నిజం చెప్పారు. మిగతా సగం లెక్క, ఇదిగో.

పరిశోధనల్లో ఇచ్చే మోతాదు మనిషి బరువులో కిలోకి 0.2 నుంచి 0.3 గ్రాములు. అరవై కిలోల మనిషికి 12 నుంచి 18 గ్రాములు. చెంచా కొలతలో చూస్తే పెద్ద మోతాదు నాలుగు చెంచాల దాకా వస్తుంది. అమ్మ పిండిలో వేసే చిటికెడెక్కడ, ఇదెక్కడ. ఆ 18 గ్రాముల్లో సోడియమే దాదాపు 5 గ్రాములు. పెద్దవాళ్ళకి రోజు మొత్తానికి సోడియం 2 గ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. అంటే రెండున్నర రోజుల సోడియం ఒక్క గ్లాసులో. మన ఇళ్ళలో పచ్చళ్ళు, ఎండుచేపలు, అప్పడాలు వేరే.

కడుపులో ఆమ్లం మీద పడగానే సోడా గ్యాసు అవుతుంది. నిమ్మకాయ పిండినప్పుడు మేం చూసిన పొంగే లోపల జరుగుతుంది. ఉబ్బరం, కడుపునొప్పి, వాంతులు, విరోచనాలు ఈ మోతాదులో మామూలుగా వచ్చే ఇబ్బందులే. పండగ పూట పీకలదాకా తిని, కరగని సోడా తాగితే కడుపు చిరిగిపోయిన సంఘటనలు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి. అమెరికాలో సోడా డబ్బా మీదే "పూర్తిగా కరిగాకే తాగాలి, కడుపు నిండుగా ఉన్నప్పుడు తాగొద్దు" అన్న హెచ్చరిక ఉంటుంది. మన కవరు మీద ఏముంది? కవరే ఉంది.

పెద్ద ఆటగాళ్ళు ఎలా వాడతారో కూడా వినండి. మనిషి బరువు చూసి గ్రాముల్లో తూస్తారు. సాధన రోజుల్లో ముందు కొంచెంతో మొదలుపెట్టి ఒంటికి పడుతుందో లేదో చూస్తారు. ఒకేసారి కాకుండా విడతలుగా, తేలికపాటి తిండితో తీసుకుంటారు. కొందరు కడుపు దాటాక కరిగే గొట్టం మాత్రలు వాడతారు. పక్కన కోచ్, డాక్టర్ ఉంటారు. మొదటిసారి పోటీ రోజున ఎవరూ తాగరు. మనవాడికి మొదటిసారీ అదే, పోటీ రోజూ అదే, కొలత "రెండు గుప్పెళ్ళలో సగం". వాడికి వచ్చే బహుమతి ఒక స్టీలు బిందె, ఒక శాలువా.

ఇంకో ప్రమాదం మన సంతల్లోనే ఉంది. తినే సోడా, బట్టల సోడా రెండూ తెల్లగానే ఉంటాయి, రెండూ విడిగా పొట్లాల్లో దొరుకుతాయి. బట్టల సోడా నోటిని, గొంతుని, అన్నవాహికని కాల్చగలదు. నిమ్మకాయ పరీక్షకి అది కూడా పొంగుతుంది. కాబట్టి మేం చేసినట్టు ఇంట్లో పరీక్ష చేసి "సరే, తినే సోడాయే" అనుకోకండి. నాలిక మీద వేసుకోవడం అసలు వద్దు. మేం చేసింది తప్పే, ఒప్పుకుంటున్నాం.

బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు ఈ మోతాదు జోలికే వెళ్ళకూడదు. మన కొరాపుట్, రాయగడ జిల్లాల్లో సికిల్ సెల్ ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి, మన తెలుగు ఇళ్ళు కూడా అందులో లేవని ఎవరూ అనలేరు. సికిల్ సెల్ ఉన్నవాళ్ళకి ఒంట్లో నీరు తగ్గడం పెద్ద ప్రమాదం. వాంతులు, విరోచనాలు పెట్టించే పొడి తాగించి, ఎండలో రాయి ఎత్తమంటే ఏమవుతుందో ఆలోచించండి. 2023 జూలైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. రక్తపరీక్ష చేయించుకోవడానికి సిగ్గెందుకు?

ఇప్పుడు గ్రూపులో ఎక్కువ లైకులు వచ్చిన వాదన. "కోడి రామమూర్తి నాయుడు గారు ఏ పొడి తాగి గొలుసులు తెంపారు?" చప్పట్లు కొట్టించే మాటే. పార్వతీపురం అవతల వీరఘట్టంలో పుట్టి, 1942లో మన ఒడిశాలోనే బలాంగీర్‌లో కన్నుమూసిన మహానుభావుడు. ఆయన మీద మాకూ మీ అంత గర్వం ఉంది. 1936 ఏప్రిల్ 1 దాకా మన కొరాపుట్ కూడా విశాఖపట్నం జిల్లాయే. సంగిడి గీత దాటి ఇటు రాలేదు, గీతే మన మధ్యలోకి వచ్చింది. కానీ ఆయన పేరు చెప్పి చేతులు దులుపుకుంటే సరా? ఆయన వ్యాయామం నేర్చుకున్నవాడు, విజయనగరంలో పిల్లలకి నేర్పినవాడు. మన కుర్రాళ్ళకి నేర్పేవాడు ఎవడు? మనం వాళ్ళకి గురువుని ఇవ్వలేదు, ఉపన్యాసం ఇచ్చాం. ఆ ఖాళీలోకే కవరు పట్టుకున్నవాడు వచ్చాడు.

మన సంఘం తప్పు కూడా రాయకపోతే ఈ పోస్టు అబద్ధమవుతుంది. పోటీ పెట్టాం. వయసు అడగలేదు. డాక్టర్‌ని పిలవలేదు. తాగే నీళ్ళ డ్రమ్ము మధ్యాహ్నానికే ఖాళీ. మైకు మాత్రం రెండు వీధులు అవతలికి వినపడింది. ఆ కమిటీలో మేమూ ఉన్నాం.

"అమ్ముకునేవాడి పొట్ట కొడతారా?" అని ఒక సభ్యుడు అడిగారు. లేదండీ. సోడా కిరాణా కొట్టులో చిల్లర డబ్బులకి దొరుకుతుంది. దాన్ని పేరు లేని కవర్లో పోసి, కొలత చెప్పకుండా, మైనరుకి రెండొందల యాభైకి అమ్మడం వ్యాపారం కాదు. డబ్బా మీద పేరున్న సరుకులకే దిక్కు లేదు. 2024లో కేరళ వైద్యులు మన దేశంలో దొరికే 36 రకాల ప్రొటీన్ పొడులు పరీక్షిస్తే, దాదాపు 70 శాతం డబ్బాల మీద రాసిన ప్రొటీన్ లెక్కే సరిగ్గా లేదు. పేరే లేని కవర్ని ఎవరు నమ్మాలి?

వచ్చే సర్వసభ్య సమావేశంలో మేం ఈ నాలుగు తీర్మానాలు పెడతాం.

1. సంఘం పేరుతో జరిగే ఏ పోటీ దగ్గరా, సంఘం వ్యాయామశాలలో ఏ పొడీ అమ్మకూడదు, ఉచితంగా కూడా ఇవ్వకూడదు.

2. పద్దెనిమిది నిండనివాళ్ళకి విడిగా, తేలిక రాయితో పోటీ పెట్టాలి. ఆధార్ చూసి పేరు రాయాలి. తల్లిదండ్రుల సంతకం ఉండాలి.

3. పోటీ రోజున ఒక డాక్టర్ లేదా నర్సు, రెండు డ్రమ్ముల నీళ్ళు, ఓఆర్ఎస్ ఉండాలి. ఆ ఖర్చుకి మైకు సెట్టు సగం తగ్గించాలి.

4. సాధన చేసే కుర్రాళ్ళకి రోజూ కోడిగుడ్లు, ఉడికించిన ఉలవలు, చోడి అంబలి పెట్టాలి. నెలకి రెండుసార్లయినా చదువుకున్న కోచ్ వచ్చి బరువు ఎలా ఎత్తాలో నేర్పాలి. ఒక్కో కుటుంబం నెలకి వంద రూపాయలిస్తే మొదలుపెట్టొచ్చు. మా నలుగురి వంద ఈ రోజే కోశాధికారి గారికి పంపించాం.

పెద్దయ్యాక, కోచ్ చెప్పగా, డాక్టర్ సరేనంటే, తూకం వేసుకుని సోడా వాడే ఆటగాడు మనలోంచి ఎవరైనా వస్తే అతన్ని మేం ఆపం, దండ వేస్తాం. తిండి, నిద్ర, సాధన సరిపోయినవాడికి చివర్లో పనికొచ్చే చిన్న సాయం అది. ఆ మూడూ లేనివాడికి వాంతులు తప్ప ఏమీ రాదు.

మొన్న ఆదివారం ఆ కుర్రాడి ఇంటికి వెళ్ళాం. కోలుకున్నాడు. "బాబాయ్, వచ్చే ఏడు నన్ను రానిస్తారా?" అని అడిగాడు. తేలిక రాయి విభాగం పెడితే మొదటి పేరు నీదే రాస్తాం అని చెప్పాం. ఆ విభాగం పెట్టాలంటే సమావేశంలో మీ చేతులు లేవాలి. లైకు కొట్టి ఊరుకోకండి, రండి.