కావ్యమూ, కుళాయీ

సౌందర్యమూ ప్రయోజనమూ ఒకచోట ఇమడవని చాలమంది నమ్మకం. ఈ నమ్మకంలో నిజమెంతో తేల్చుకొనడానికి స్కాట్లండులోని కాట్రిన్ సరస్సు కథ తోడ్పడుతుంది.

ట్రోసాక్స్ కొండల నడుమ సుమారు 8 మైళ్ల పొడవున పరచుకొన్న మంచినీటి సరస్సు అది. 1810లో సర్ వాల్టర్ స్కాట్ ‘ది లేడీ ఆఫ్ ది లేక్’ అనే కావ్యాన్ని ప్రకటించి, తన కథను ఆ ఒడ్డున నడిపినాడు. కథానాయిక ఎలెన్ పేరుతో ఒక చిన్న దీవి నేటికీ అక్కడ ఉన్నది. దాని కెదురుగా ఉన్న తెల్లని గులకరాళ్ల ఒడ్డు ‘వెండి తీరం’గా ప్రసిద్ధి కెక్కినది. కావ్యం వెలువడినదే తడవుగా యాత్రికులు ఆ కొండదారులు పట్టినారు.

ఆ కొండలకు దక్షిణాన గ్లాస్గో నగరం వేరొక అవస్థలో ఉన్నది. పరిశ్రమలతోపాటు జనమూ పెరిగినారు. త్రాగడానికి శుభ్రమైన నీరు మాత్రం చాలలేదు. 1848-49లోను, 1853-54లోను కలరా వేలమందిని పొట్టన పెట్టుకొన్నది. నగరపాలకుల చూపు కాట్రిన్ మీద పడినది. నీరు పల్లమెరుగునన్న సత్యాన్నే ఆధారం చేసికొని ఇంజనీరు జాన్ ఫ్రెడరిక్ బేట్‌మన్ కొండలు తొలిచి, లోయలపై వంతెనలు కట్టి, సుమారు 26 మైళ్ల జలమార్గాన్ని నిర్మించినాడు. నీరు తోడే యంత్రంతో పని లేకపోయినది. 1859 అక్టోబరు 14న విక్టోరియా రాణి దానిని ప్రారంభించినది. 1866లో కలరా మరల వచ్చినప్పుడు గ్లాస్గోలో మరణాలు వందకు చేరలేదు.

ఈ మేలు ఊరకే రాలేదు. నీటిని నిలువ చేయడానికి సరస్సు మట్టాన్ని పెంచినారు. వెండి తీరం మునిగిపోయినది. కావ్య రంగస్థలాన్నే కుళాయి మింగినదని రసికులు వాపోవచ్చును. ఆ వ్యథ అసత్యం కాదు. కాని, ఆ తీరం స్కాట్ పద్యాలలో చెక్కుచెదరక నిలిచి ఉన్నది. కలరాకు బలియైన పసిబిడ్డకు అటువంటి రెండవ నివాసం ఎక్కడ ఉన్నది?

మరొక సంగతి. ఒక మహానగరం త్రాగే నీరు కనుకనే ఆ సరస్సు మలినం కాకుండ తరతరాలుగా కాపాడుకొన్నారు. సౌందర్యం నుండి కొంత పుచ్చుకొన్న ప్రయోజనమే, మిగిలిన సౌందర్యానికి కావలి అయినది. 1899లో ఆ నీటి మీద దిగిన ఆవిరిపడవకు ‘సర్ వాల్టర్ స్కాట్’ అని పేరు పెట్టడంలో ఔచిత్యం లేకపోలేదు.

మన పాఠశాలలలో కావ్యానికి ఒక గంట, భూగోళానికి ఒక గంట, ఆరోగ్యశాస్త్రానికి మరొక గంట. ఈ సరస్సు మూడు గంటలకూ చెందినది. ఉపాధ్యాయులు దీనిని ముక్కలు చేయక సమగ్రంగా చెప్పవలెనని నా మనవి. తీరం మునిగినదని చెప్పకుండ నీటిని పొగడడం అర్ధసత్యం. నీరు వచ్చినదని చెప్పకుండ తీరానికై విలపించడమూ అర్ధసత్యమే. విద్యార్థికి రెండు సగాలూ ఇచ్చి, తూకం అతని చేతికే అందించడం మంచిది.