రైలు పట్టా పైన ఎందుకు మెరుస్తుంది? బిట్లతో సైన్స్ టీచర్లు తయారు కారు

జీఎస్-2లో విద్య మీద ఏ ప్రశ్న వచ్చినా మన జవాబు చివర ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: "బట్టీ విధానానికి స్వస్తి చెప్పి, అన్వేషణ ఆధారిత అభ్యసనాన్ని ప్రోత్సహించాలి." నేనూ కనీసం ఇరవై సార్లు రాసి ఉంటాను. టెస్ట్ సిరీస్‌లో దానికి మార్కులు కూడా పడ్డాయి. కానీ ఆ పని తరగతిలో ఎవరు చేయాలి, వాళ్లకు అది ఎవరు నేర్పారు అన్నది మాత్రం ఒక్కసారీ రాయలేదు.

నా వాదన ముందే చెప్పేస్తాను. జవాబు తెలియని ప్రశ్న ఒకటి పట్టుకుని, తన చేతులతో ప్రయోగం చేసి తేల్చుకున్న అనుభవం లేని టీచరు పిల్లల చేత ఆ పని చేయించలేడు. మన ఉపాధ్యాయ విద్య ఆ అనుభవం ఇవ్వకుండానే డిప్లొమా చేతిలో పెడుతోంది. అందుకే పాఠ్యపుస్తకాలు ఎన్నిసార్లు మారినా తరగతి గది మారడం లేదు.

ఇనుము ఊళ్లో తుప్పు పాఠం

మాది భిలాయి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, మాదీ అందులో ఒకటి. దల్లీ-రాజహరా గనుల ఖనిజం ఇక్కడికి వచ్చి రైలు పట్టాలుగా మారుతుంది. 130 మీటర్ల పట్టాను అతుకు లేకుండా ఒకే ముక్కగా తీసే మిల్లు ఇక్కడుంది.

ఇలాంటి ఊళ్లో నేను తుప్పు పాఠం ఎలా చదివానో చూడండి. "ఇనుము తుప్పు పట్టడానికి గాలి, తేమ రెండూ అవసరం" అని సార్ బోర్డు మీద రాశారు. మేం నోట్సులో దించుకున్నాం. పరీక్షలో ఆ ఖాళీలే పూరించాం. మా బడి గేటు అడుగు భాగమంతా తుప్పు తినేసి ఉండేది. మూడేళ్లు దాని పక్కనుంచే నడిచాం. పాఠానికీ గేటుకూ సంబంధం ఉందని మాకెవరికీ తోచలేదు.

అదే పాఠాన్ని ఇంకోలా మొదలుపెట్టవచ్చు. స్టేషన్ ప్లాట్‌ఫాం మీద నిలబడి చూస్తే పట్టా పైభాగం మెరుస్తూ ఉంటుంది, పక్కలు తుప్పు రంగులో ఉంటాయి. ఇనుము ఒకటే, గాలి ఒకటే, వాన ఒకటే. మరి ఈ తేడా ఎందుకు? ఈ ప్రశ్న వేసి టీచరు ఊరుకుంటే చాలు, పిల్లలే మొదలుపెడతారు. పైన వేరే లోహం ఉందని ఒకరు, ఏదో పూత పూశారని ఒకరు, చక్రాలు గీకేస్తున్నాయని ఇంకొకరు అంటారు.

ఇప్పుడే అసలు బోధన మొదలవుతుంది. ఎవరిది సరైనదో చెప్పకుండా, "ఎలా తేల్చుకుందాం?" అని అడగాలి. చక్రాల వల్లే అయితే, రైళ్లు తిరగని పక్క లైను పట్టా ఎలా ఉండాలి? రెండు మేకులు తడి గుడ్డలో చుట్టి, ఒకదాన్ని మాత్రం రోజూ గరుకు కాగితంతో రుద్దితే వారానికి ఏమవుతుంది? ఒక మేకు కొత్తది, ఇంకొకటి పాతది అయితే ఈ పోలిక చెల్లుతుందా? ఒక్క అంశం మాత్రమే మార్చి మిగతావన్నీ ఒకేలా ఉంచాలన్న సూత్రం పిల్లలకు ఇక్కడే దొరుకుతుంది. దీనికి ల్యాబ్ అక్కర్లేదు. కావలసింది, తప్పు జవాబు వినగానే కంగారుపడని టీచరు.

అలాంటి టీచరును మనం తయారు చేస్తున్నామా?

చట్టంలో ఉన్నది, పరీక్షలో లేనిది

చట్టాలకు కొదవ లేదు. శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం 1976 నాటి 42వ సవరణతో 51ఏ(హెచ్) కింద ప్రాథమిక విధి అయింది. కృత్యాలు, ఆవిష్కరణ, అన్వేషణ ద్వారా నేర్చుకోవాలని విద్యాహక్కు చట్టం-2009 సెక్షన్ 29(2)(ఇ) చెబుతోంది. జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం-2005, ఎన్‌ఈపీ-2020 అదే మాట అన్నాయి.

ఇక టెట్ చూడండి. పేపర్-1లో 150 బిట్లు, అందులో పరిసరాల విజ్ఞానానికి 30. "కింది వాటిలో అన్వేషణ పద్ధతి లక్షణం కానిది ఏది?" అనే తరహా బిట్‌కు సరైన ఆప్షన్ పెడితే మార్కు వస్తుంది. జీవితంలో ఒక్క ప్రయోగం చేయకపోయినా వస్తుంది. ఆంధ్రప్రదేశ్ మెగా డీఎస్సీ-2025లో 16,347 పోస్టులు, తెలంగాణ డీఎస్సీ-2024లో 11,062 పోస్టులు. రెండు చోట్లా అభ్యర్థి పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పాల్సిన ఘట్టమే లేదు.

పరీక్ష ఎలా ఉంటే శిక్షణ అలాగే సాగుతుంది. డీఎల్‌ఈడీ పూర్తి చేసిన మా బంధువుల అమ్మాయిని, రెండేళ్లలో సైన్స్‌లో ఏం చేశావని అడిగాను. సీనియర్ల రికార్డు చూసి పాఠ్య పథకాలు రాసిందట. చార్టులు వేసిందట. వంట సోడా, వెనిగర్‌తో అగ్నిపర్వతం మోడల్ చేసిందట. "అందులో నీకు తెలియనిది ఏం తెలుసుకున్నావు?" అన్నాను. "తెలుసుకోవడానికి కాదన్నయ్యా, రికార్డులో సంతకం కోసం" అంది. తప్పు ఆమెది కాదు. ఆమెను ఎవరూ ఇంకేమీ అడగలేదు.

కర్మాగారానికి తెలిసిన సంగతి

భిలాయి కర్మాగారానికి సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1955లో కుదిరింది, మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో మొదలైంది. అప్పటికి ఈ ప్రాంతంలో ఉక్కు పని తెలిసినవాళ్లు లేరు. పుస్తకం ఇచ్చి పరీక్ష పెట్టి ఫర్నేస్ అప్పగించలేదు. ఇంజినీర్లను, ఆపరేటర్లను సోవియట్ కర్మాగారాలకు పంపి, నడుస్తున్న యంత్రాల దగ్గర నిలబెట్టి నేర్పించారు. ఉక్కు విషయంలో దేశానికి ఈ ఇంగితం ఉంది. ఆరేళ్ల పిల్లల విషయానికి వచ్చేసరికి బిట్ పేపరు చాలనుకుంటున్నాం.

"ఉక్కు వేరు, ప్రభుత్వ బడి వేరు, అక్కడ కుదరదు" అంటారా? కుదిరింది. అదీ ఛత్తీస్‌గఢ్ అప్పట్లో భాగంగా ఉన్న మధ్యప్రదేశ్‌లోనే. 1972లో కిశోర్ భారతి, రసూలియా ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ కలిసి హోషంగాబాద్ జిల్లాలో 16 మాధ్యమిక పాఠశాలల్లో విజ్ఞాన బోధన కార్యక్రమం ప్రారంభించాయి. 1978లో అది జిల్లాలోని అన్ని మాధ్యమిక పాఠశాలలకూ విస్తరించింది. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ దాన్ని ముందుకు తీసుకెళ్లింది.

మనం చూడాల్సింది అక్కడి టీచర్ల శిక్షణ. 6, 7, 8 తరగతుల పిల్లలు ఏ ప్రయోగాలు చేస్తారో, వేసవి శిబిరాల్లో టీచర్లు వాటినే జట్లుగా కూర్చుని చేశారు. 'బాల్ వైజ్ఞానిక్' పుస్తకంలో ప్రశ్నలూ ప్రయోగాలూ ఉండేవి గానీ రెడీమేడ్ జవాబులు ఉండేవి కావు. నెలనెలా టీచర్లు కలుసుకుని తరగతిలో ఎదురైన చిక్కులు మాట్లాడుకునేవారు. పరీక్ష పుస్తకం తెరిచి రాసేది, దానితో పాటు ప్రయోగ పరీక్ష కూడా. ఇదంతా మామూలు ప్రభుత్వ బడుల్లో, మామూలు ప్రభుత్వ టీచర్లతో 30 ఏళ్లు నడిచింది. 2002లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం దాన్ని ఆపేసింది. టీచర్లు చేయలేకపోవడం వల్ల ఆగలేదు, పైనుంచి వచ్చిన ఉత్తర్వుతో ఆగింది. రేపు అలాంటి ఫైలు మన టేబుల్ మీదకే రావచ్చు.

అర్హత మీద యుద్ధం, పని మీద మౌనం

బీఈడీ చేసినవారిని 1-5 తరగతులకు అర్హులను చేసిన 2018 నాటి ఎన్‌సీటీఈ నోటిఫికేషన్‌ను సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న కొట్టేసింది. చిన్నపిల్లలకు చెప్పడం వేరే నైపుణ్యం అన్న ఆ తీర్పు సూత్రం సరైనదే. దాని ఫలితంగా ఛత్తీస్‌గఢ్‌లో వేలమంది సహాయ ఉపాధ్యాయుల ఉద్యోగాలు పోయాయి, రాయ్‌పూర్‌లో నెలల తరబడి ఆందోళనలు జరిగాయి. చివరకు 2025 ఏప్రిల్ 30న రాష్ట్ర మంత్రివర్గం 2,621 మందిని సైన్స్ ప్రయోగశాల సహాయ ఉపాధ్యాయులుగా సర్దుబాటు చేయాలని, ప్రయోగశాల పనిలో రెండు నెలల శిక్షణ ఇవ్వాలని నిర్ణయించింది.

ఉద్యోగం పోయినవారి బాధను నేను తక్కువ చేయడం లేదు. ఉద్యోగం కోసం ఏళ్లు ధారపోసే మనకంటే అది ఎవరికి బాగా తెలుసు? కానీ ఈ వివాదం మొత్తంలో ఏ సర్టిఫికెట్ చెల్లుతుందన్న చర్చే సాగింది. ఆ సర్టిఫికెట్ ఉన్న మనిషి పిల్లల ముందు ఏం చేయగలడన్న ప్రశ్న పక్కకు పోయింది. డీఎల్‌ఈడీ కూడా రికార్డులు దించుకునే చదువే అయితే, వేరే నైపుణ్యం అన్న మాట కాగితం మీదే మిగులుతుంది.

ఎదురు వాదనలు

మొదటిది, అన్వేషణ పేరుతో పిల్లల్ని వాళ్ల మానాన వదిలేస్తే ఏమీ నేర్చుకోరన్నది. కిర్ష్నర్, స్వెల్లర్, క్లార్క్ 2006లో ప్రచురించిన వ్యాసంలో దాదాపు ఇదే వాదించారు. విషయం కొత్తగా నేర్చుకునేవారికి మార్గదర్శనం కావాలన్న మాటతో నేను ఏకీభవిస్తాను. అయితే ఏ ప్రశ్న ఎప్పుడు వేయాలో, ఎక్కడ ఆపి వివరించాలో తెలిసిన టీచరు కావాలని కదా దాని అర్థం? అది నా వాదనకే బలం.

రెండోది, బిట్ పేపరు తీసేస్తే సిఫార్సులు, లంచాలు వస్తాయన్నది. నిజమైన భయమే. ఇంటర్వ్యూ మార్కులంటే మనకు ఎందుకు గుండె దడో అందరికీ తెలుసు. అందుకే వడపోతకు బిట్లు ఉండనివ్వండి. మార్పు దానికి ముందు, తర్వాత తేవాలి. డీఎల్‌ఈడీలో ప్రతి ఛాత్రోపాధ్యాయుడూ ఏటా ఒక సొంత ప్రశ్న ఎంచుకుని కొన్ని వారాల పాటు అన్వేషించాలి. ప్రయోగం విఫలమైనా సరే, నోటుపుస్తకం నిజాయతీగా రాస్తే మార్కులు ఇవ్వాలి. ఉద్యోగంలో చేరాక ప్రొబేషన్ ఖరారు చేసేముందు తరగతి బోధన చూడాలి. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఫారాలు నింపడం తగ్గించి, హోషంగాబాద్ టీచర్లలా పాఠాల గురించి మాట్లాడుకోనివ్వాలి. డైట్‌లలో ఖాళీలు నింపాలి. వీటికి కొత్త చట్టం అక్కర్లేదు.

2030 నాటికి నాలుగేళ్ల సమీకృత బీఈడీ కనీస అర్హత కావాలని ఎన్‌ఈపీ అంటోంది. రెండేళ్ల దించుడు నాలుగేళ్ల దించుడైతే ఒరిగేదేమిటి?

చివరగా మన సంగతి. మనమూ కీ చూసి దిద్దుకునే చదువులోనే పెరిగాం. ఒకటే సరైన ఆప్షన్ ఉంటుందని, అది ఎవరో ముందే నిర్ణయించి ఉంటారని అలవాటుపడ్డాం. రేపు జిల్లా విద్యాశాఖ సమీక్షలో కూర్చున్నప్పుడు, ఎన్ని శిక్షణలు జరిగాయి, ఎంతమంది హాజరయ్యారు అని మాత్రమే అడిగితే ఈ అలవాటు మనల్నీ వదలలేదన్నమాట. ఆ శిక్షణలో టీచర్లు తమకు తెలియని ఏ విషయాన్ని తేల్చుకున్నారో కూడా అడగాలి.

సాధన ప్రశ్న: "ఉపాధ్యాయ విద్యలో సంస్కరణ లేకుండా అన్వేషణ ఆధారిత అభ్యసనం నినాదంగానే మిగిలిపోతుంది." చర్చించండి (250 పదాలు). రాసేముందు రెండు మేకులు తడి గుడ్డలో చుట్టి కిటికీలో పెట్టండి. ఒకదాన్ని రోజూ రుద్దండి. వారం తర్వాత జవాబు మొదలుపెట్టండి.